హోమిసైడ్: లైఫ్ ఆన్ ది స్ట్రీట్ – పాపను చంపిందెవరో చెప్పకుండానే వదిలేశారేంటి?

ఎడిసన్_సుజాత
రాత్రి రెండింటిదాకా నిద్ర పట్టలేదు, అందుకే ఇక్కడ రాస్తున్నా. పీకాక్ స్ట్రీమింగ్ యాప్‌లో ‘హోమిసైడ్’ అనే పాత అమెరికన్ పోలీసు సీరియల్ మొదలుపెట్టి వారమైంది. నిన్న మొదటి సీజన్ ఐదో ఎపిసోడ్ చూశాను, ‘త్రీ మెన్ అండ్ ఎడీనా’. ఒక గది, ఒక బల్ల, బేలిస్, పెంబుల్టన్ అనే ఇద్దరు డిటెక్టివ్‌లు, గుర్రపు బండి మీద పళ్లు అమ్ముకునే ఒక ముసలాయన. దాదాపు ఎపిసోడ్ అంతా అదే. ఎడీనా అనే పదకొండేళ్ల పిల్లను చంపింది ఆయనేనని బేలిస్‌కి గట్టి నమ్మకం. పన్నెండు గంటల్లో ఒప్పించాలి, లేకపోతే వదిలేయాలి. అరిచారు, బుజ్జగించారు, నీళ్లిచ్చారు, మళ్లీ అరిచారు. చివరికి ఆయన్ని ఇంటికి పంపేశారు! ఆయనే చేశాడా, లేదా? తర్వాతైనా చెబుతారా? ఆ పిల్ల కోసం ఇన్ని ఎపిసోడ్లు టెన్షన్ పడుతూ కూర్చున్నదాన్ని, ఇది అన్యాయం అనిపించింది. పూర్తిగా చూసినవాళ్లు ఎవరైనా చెప్పండి. సస్పెన్స్ పోతుందన్న బాధ నాకు లేదు, నిద్ర పడితే చాలు.

పాత_డీవీడీ
చెప్పరు. ఏడు సీజన్లు, 122 ఎపిసోడ్లు, ఆ పైన 2000లో ఒక టీవీ సినిమా. ఎక్కడా చెప్పరు.

ఎడిసన్_సుజాత
ఇక అసలే పట్టదు.

వాసు_మేరీలాండ్
సుజాత గారూ, దాని వెనక సంగతి చెబుతా. డేవిడ్ సైమన్ అని ‘బాల్టిమోర్ సన్’ పత్రికలో క్రైమ్ రిపోర్టర్ ఉండేవాడు. 1988 మొత్తం బాల్టిమోర్ పోలీసుల హత్యల విభాగంలోనే గడిపాడు. వాళ్లతో రాత్రి డ్యూటీలు, వాళ్లతో శవాల దగ్గరికి, వాళ్లతో పోస్టుమార్టానికి. ఆ ఒక్క ఏడాది ఊళ్లో 234 హత్యలు. ఆ అనుభవాన్ని 1991లో పుస్తకంగా వేశాడు. అందులో మొదటినుంచి చివరిదాకా వెంటాడే కేసు ఒక పదకొండేళ్ల పాపది. లైబ్రరీకి వెళ్లింది, తిరిగి రాలేదు. ఒక మనిషి మీద అనుమానం వచ్చింది, గంటలకొద్దీ అడిగారు, ఏమీ తేలలేదు. ఆ నిజం కేసు ఇవాళ్టికీ తేలలేదు.

ఇప్పుడు చెప్పండి, సీరియల్‌లో రచయిత టామ్ ఫాంటానా ఒక హంతకుణ్ణి కల్పించి బేడీలు వేయించేసి ఉంటే, ఆ పాపను కన్నవాళ్లు టీవీ ముందు కూర్చుని ఏమనుకోవాలి? తేల్చకపోవడమే వాళ్లకిచ్చిన మర్యాద అని నేననుకుంటాను. ఆ ఎపిసోడ్‌కి ఫాంటానాకి ఎమ్మీ (అమెరికా టీవీ అవార్డు) వచ్చింది.

కడప_కారం
మర్యాద సరే అన్నా. కానీ డబ్బులు కట్టి, టైమ్ పెట్టి చూసేవాడికి కథ ముగియాలి కదా. ఇల్లు కట్టి పైకప్పు వేయకుండా ‘నిజమైన ఆకాశం చూడండి’ అంటే ఎట్లా?

పాత_డీవీడీ
బాగుంది పోలిక. కానీ మీరు చూసింది ఇల్లు కాదు కారం గారూ, స్టేషన్. అక్కడ గోడ మీద ఒక తెల్లబోర్డు ఉంటుంది చూడండి, ఒక్కో డిటెక్టివ్ పేరు కింద చనిపోయినవాళ్ల పేర్లు. తేలితే నల్ల సిరా, తేలకపోతే ఎర్ర సిరా. అది సీరియల్‌వాళ్ల కల్పన కాదు, బాల్టిమోర్ విభాగంలో నిజంగానే అలాంటి బోర్డు ఉండేది. బేలిస్ ఉద్యోగంలో చేరగానే అందిన కేసు ఎడీనాది. ఆ పేరు ఎర్రగానే ఉండిపోతుంది. నాకు మొత్తం సీరియల్‌లో అన్నిటికన్నా భయంకరమైన దృశ్యం ఆ బోర్డే. రక్తం ఉండదు, సంగీతం ఉండదు, ఎర్ర మార్కర్‌తో రాసిన పేరు, అంతే.

బ్రూక్లిన్_బుజ్జి
ఆగండాగండి. పెంబుల్టన్‌గా వేసినాయన ‘బ్రూక్లిన్ నైన్-నైన్’లో కెప్టెన్ హోల్ట్ కదా?? నవ్వకుండా నవ్వించే ఆయన! ఇందులో ఇంత సీరియస్సా?

వాసు_మేరీలాండ్
అవును బుజ్జీ, ఆయనే, ఆండ్రే బ్రాగర్. షికాగోలో పుట్టాడు, స్టాన్‌ఫర్డ్‌లో చదివాడు, తర్వాత న్యూయార్క్ జూలియార్డ్‌లో నటన నేర్చాడు. ఫ్రాంక్ పెంబుల్టన్ పాత్రకి 1998లో ఉత్తమ నటుడిగా ఎమ్మీ అందుకున్నాడు. 2023 డిసెంబరులో పోయాడు, 61 ఏళ్లకే. అదే ఏడాది ఫిబ్రవరిలో ఇందులో డిటెక్టివ్ మంచ్‌గా వేసిన రిచర్డ్ బెల్జర్ కూడా పోయాడు. ఆ ఏడాది మాకు ఇంట్లో మనుషులు పోయినట్టే అనిపించింది.

బ్రూక్లిన్_బుజ్జి
హోల్ట్ పోయిన రోజు మా రూమ్‌లో నలుగురం అన్నం తినలేదు. ఇది ఇవాళే మొదలుపెడుతున్నా.

కోర్టు_మెట్లు
నేను విజయవాడలో క్రిమినల్ వైపు ప్రాక్టీస్ చేస్తాను. మా అన్నయ్య అమెరికా నుంచి తెచ్చిన డీవీడీల మీద ఈ సీరియల్ రెండుసార్లు చూశాను. సుజాత గారికి ముసలాయన్ని వదిలేశారని కోపం వచ్చింది. నాకు మాత్రం ఆ పన్నెండు గంటలు ఆయన వైపు కూర్చుని చూసినట్టుంది. లాయర్ లేడు, పక్కన మనవాడంటూ లేడు. ఒకవేళ ఆయన చేయకపోతే? మీకు కావాల్సిన ముగింపు కోసం ఆయన ఎంత దూరం నడవాలి?

ఇదే సీరియల్ ఆ ప్రశ్నకి తర్వాత నేరుగా ఎదురెళ్తుంది. రెండో సీజన్‌లో ‘బ్లాక్ అండ్ బ్లూ’ అని ఒక ఎపిసోడ్. కాల్చింది పోలీసేమోనని పెంబుల్టన్ అనుమానం. పైఅధికారి జియార్డెల్లోకి మాత్రం మామూలు మనిషే ఎవరైనా దొరికితే బాగుండునని ఉంటుంది. ‘సరే, నీకు ఒప్పుకోలు కావాలా?’ అన్నట్టు పెంబుల్టన్ ఒక కుర్రాణ్ణి ఆ గదిలో కూర్చోబెడతాడు. కొట్టడు, తిట్టడు. భుజం మీద చెయ్యి వేసి, చచ్చిపోయినవాడు నీ స్నేహితుడు కదా అని మాట కలుపుతూ కలుపుతూ, ఏ పాపమూ తెలియని ఆ కుర్రాడి చేత తానే చంపానని ఏడుస్తూ ఒప్పిస్తాడు. ఆ కాగితం తీసుకెళ్లి జియార్డెల్లో చేతిలో పెడతాడు. చూస్తున్నంతసేపూ నా చేతులు చల్లబడ్డాయి. మా జూనియర్లు చేరిన మొదటి నెలలో ఆ ఎపిసోడ్ చూపిస్తాను.

మన దగ్గర చట్టం వేరు. పోలీసుల ముందు చేసిన ఒప్పుకోలు కోర్టులో చెల్లదు. పాత సాక్ష్యాధారాల చట్టంలో 25వ సెక్షన్, 2024 జూలై 1 నుంచి భారతీయ సాక్ష్య అధినియమ్‌లో 23వ సెక్షన్. ముద్దాయి చెప్పినదాన్ని బట్టి వస్తువేదైనా దొరికితే, అంతవరకే లెక్కలోకి వస్తుంది. అమెరికాలో 1966 మిరాండా తీర్పు ప్రకారం హక్కులు చదివి వినిపించాలి. ‘సరే, మాట్లాడతాను’ అని సంతకం పెట్టాడా, ఆ తర్వాత అన్నదంతా జ్యూరీ ముందుకే. పైగా ‘నీ తోటివాడు అంతా చెప్పేశాడు’ అని పోలీసు అబద్ధం ఆడినా చెల్లుతుందని 1969లో వాళ్ల సుప్రీంకోర్టే అంది. పెంబుల్టన్ పని మొత్తం ఆ సంతకం దగ్గరే ఉంది. మొదటి ఎపిసోడ్‌లో బేలిస్‌కి తనే చెబుతాడు గుర్తుందా, తను చేసేది సేల్స్‌మన్ పని అని. జైలు అనే సరుకును, అవసరం లేనివాడికి అమ్మడం.

ఎడిసన్_సుజాత
మెట్లు గారూ, నేను అలా ఆలోచించలేదు. నిజంగా ఆలోచించలేదు. ఎపిసోడ్ చివర ఇద్దరూ తారుమారవుతారు కదా. ఆయనే హంతకుడన్న బేలిస్‌కి అనుమానం మొదలవుతుంది, అంతవరకు నమ్మని పెంబుల్టన్‌కి నమ్మకం వస్తుంది. అది గమనించాను గానీ కోపంలో దాని మీద మనసు పెట్టలేదు.

కడప_కారం
అదే కదా నేననేది. వాళ్లకే తెలియదు, మనకేం చెబుతారు.

స్టేషన్_రైటర్
ఈ ముచ్చటంతా చదువుతూ ఊరుకోలేక రాస్తున్నాను. పోలీసు శాఖలో 31 ఏళ్లు చేసి హెడ్ కానిస్టేబుల్‌గా రిటైరయ్యాను. అందులో ఎక్కువ కాలం స్టేషన్ రైటర్‌నే, అంటే రికార్డులు రాసే పని. మా అబ్బాయి టెక్సాస్‌లో ఉంటాడు. పోయిన చలికాలం వాడి దగ్గర ఉన్నప్పుడు ఈ సీరియల్ పెట్టి కూర్చోబెట్టాడు. ఇంగ్లీషు సగమే అర్థమైంది, పని మాత్రం మొత్తం అర్థమైంది.

మా వైపు హత్యలకని విడిగా విభాగం ఉండదు. సీఐ గారే దర్యాప్తు అధికారి. అదే రోజు మంత్రిగారి బందోబస్తు, అదే రోజు జాతర, అదే రోజు శవ పంచనామా. అందుకని ఆ బాల్టిమోర్‌వాళ్లకి హత్య ఒక్కటే పని అంటే మొదట అసూయ వేసింది. తర్వాత ఆ బోర్డు చూశాక అసూయ పోయింది.

కారం గారూ, మీరు ముగింపు కావాలంటున్నారు. మా స్టేషన్‌లో ఒక కేసు. ఊరు, సంవత్సరం వద్దు. కాలువలో ఏడెనిమిదేళ్ల బాబు. మెడ మీద గుర్తులున్నాయి, కాబట్టి పడిపోవడం కాదు. ఎవరూ వెతుక్కుంటూ రాలేదు. చుట్టుపక్కల జిల్లాలకి ఫొటో పంపాం, బస్టాండ్లలో అతికించాం. ఎవరి బాబో తెలియలేదు, ఎవరు చేశారో తెలియలేదు. ఒంటి మీద దొరికింది ఒక కాలి చెప్పు, నల్ల మొలతాడు, దానికి చిన్న రాగి తాయెత్తు. మధ్యవర్తుల ముందు గుడ్డ సంచిలో పెట్టి, సీలు వేసి, చీటీ కట్టి ప్రాపర్టీ గదిలో పెట్టాం. ఆ చీటీ రాసింది నేనే. ఆ గదికి తడి ఎక్కువ. రెండు మూడేళ్లకి సిరా వెలిసిపోతుంది. నేను అక్కడ చేసినన్నాళ్లలో ఆ చీటీ మూడుసార్లు తిరగ రాశాను. క్రైమ్ నంబరు, సెక్షను, ‘పేరు తెలియని మగపిల్లవాడు’. మూడుసార్లూ నా చేత్తోనే.

బేలిస్ ఆ పిల్ల ఫొటో చూస్తూ కూర్చునే చోట మా కోడలు ‘మామయ్యా, బోర్ కొడుతోందా, మార్చనా?’ అంది. వద్దమ్మా అన్నాను.

ఎడిసన్_సుజాత
బాబాయ్ గారూ, ఏం రాయాలో తెలియడం లేదు. రెండుసార్లు చదివాను.

కడప_కారం
పెద్దాయన ముందు ఇక నేను ముగింపు అడగను.

రీలు_కత్తెర
నేను హైదరాబాద్‌లో ఎడిటింగ్ చేస్తాను, నా బాధ వేరు. ఈ సీరియల్ 1993 జనవరి 31న, సూపర్ బౌల్ (అమెరికన్ ఫుట్‌బాల్ ఫైనల్) అయిన వెంటనే మొదలైంది. అప్పుడు టీవీలో అందరూ కెమెరా స్టాండు మీద పెట్టి, దీపాలు సర్ది, శుభ్రంగా తీసేవాళ్లు. వీళ్లు సూపర్ 16 ఎంఎం కెమెరా భుజాన వేసుకుని నటుల చుట్టూ తిరిగారు. తర్వాత కోత చూడండి. ఒక మనిషి తల తిప్పుతాడు, అదే తల తిప్పడం మళ్లీ వేరే టేక్‌లోంచి, మళ్లీ ఇంకోటి. మూడు దెబ్బలు. మా గురువుగారు దాన్ని తప్పు అనేవారు. కాదు, అది ఉలికిపాటు. మనకి చెడ్డ వార్త విన్నప్పుడు ఆ క్షణం మెదడులో తిరిగి తిరిగి వస్తుంది చూడండి, సరిగ్గా అలాగే. బాల్టిమోర్‌లోనే పుట్టి పెరిగిన బ్యారీ లెవిన్సన్ మొదటి ఎపిసోడ్ తీశాడు, దర్శకత్వానికి ఎమ్మీ వచ్చింది. ఎడీనా ఎపిసోడ్ తీసింది మార్టిన్ క్యాంప్‌బెల్, తర్వాత రెండు జేమ్స్ బాండ్ సినిమాలు చేసినాయనే. ఒక గదిలో ముగ్గురితో అంత నడక రప్పించినవాడికి విమానాల మీద ఫైటింగులు ఏపాటి!

పాత_డీవీడీ
కత్తెర గారూ, మీరు ఆ ఉక్కపోత ఎపిసోడ్ గురించి రాయాలి. ‘నైట్ ఆఫ్ ది డెడ్ లివింగ్’. ఏసీ చెడిపోయిన రాత్రి, స్టేషన్ దాటి బయటికి వెళ్లరు, కొత్త హత్య కబురు రాదు. చెమటలు తుడుచుకుంటూ కబుర్లు. సీరియల్ వేసే ఎన్‌బీసీ చానల్‌వాళ్లకి ఏమీ జరగడం లేదని భయమేసి, మొదట్లో రావాల్సినదాన్ని సీజన్ చివరికి తోసేశారు. మే నెల విజయవాడలో కరెంటు పోయిన రాత్రి ఎలా ఉంటుందో తెలిసిన మనవాళ్లకి అందులో ‘ఏమీ జరగడం లేదు’ అని ఎలా అనిపిస్తుంది? అన్నీ జరుగుతాయి!

కోర్టు_మెట్లు
మే నెల విజయవాడలో కరెంటుంటే మాత్రం ఏం లాభం, ఫ్యాను వేడిగాలే కొడుతుంది.

స్టేషన్_రైటర్
స్టేషన్లో ఫోను మోగని రాత్రే ఎక్కువ భయం. ఎవరూ పైకి అనరు. అంటే మోగుతుందని.

రాత్రి_డ్యూటీ
నేను బాల్టిమోర్‌లోనే నర్సుని. ఊరికి వచ్చిన కొత్తలో మా సీనియర్ ఒకావిడ ‘ఈ ఊరు అర్థం కావాలంటే ఇది చూడు’ అని ‘సబ్‌వే’ ఎపిసోడ్ పెట్టింది. ఆరో సీజన్, 1997 డిసెంబర్. ఒకతను మెట్రో రైలుకీ ప్లాట్‌ఫామ్‌కీ మధ్య నడుము దగ్గర ఇరుక్కుపోతాడు. స్పృహలో ఉంటాడు, మాట్లాడతాడు, కోప్పడతాడు. రైలును కదిపితే ప్రాణం పోతుంది, కదపకా తప్పదు. తోశారా, పడ్డాడా అని తేల్చడానికి పెంబుల్టన్ వస్తాడు. చచ్చిపోబోయే మనిషితోనే అతని హత్య కేసు! అతనిగా విన్సెంట్ డొనాఫ్రియో. చివరికి పెంబుల్టన్ కేసు మాట పక్కనబెట్టి అతని పక్కనే ఉండిపోతాడు. అవతల ఇద్దరు డిటెక్టివ్‌లు హార్బర్ ఒడ్డున జాగింగ్‌కి వెళ్లిన అతని స్నేహితురాలి కోసం వెతుకుతూనే ఉంటారు, దొరకదు. ఆ ఎపిసోడ్‌కి పీబడీ అవార్డు ఇచ్చారు.

నా డ్యూటీలో అలాంటి ఒకరిని చూశాను. వివరాలు చెప్పకూడదు. మాట్లాడుతూనే ఉన్నారు, గంటలో ఉండరని మాకు తెలుసు. నా చెయ్యి పట్టుకుని ‘బయట వాన పడుతోందా?’ అని అడిగారు. పడటం లేదు. పడుతోందని చెప్పాను, ఆయన మొహం చూస్తే అదే వినాలని ఉన్నట్టుంది. ఆ రాత్రి ఇంటికెళ్లాక పెంబుల్టన్ ఎందుకు అక్కడే కూర్చున్నాడో తెలిసింది.

వాసు_మేరీలాండ్
మేం ఉండేది బాల్టిమోర్‌కి అరగంట దూరంలో. ఇండియా నుంచి ఎవరొచ్చినా వాషింగ్టన్ చూపించి, తిరుగు దారిలో బాల్టిమోర్ రేవు పక్కనున్న ఫెల్స్ పాయింట్‌కి తీసుకెళ్తాను. రాళ్లు పరిచిన థేమ్స్ స్ట్రీట్, నీళ్ల పక్కన ఇటుకల పెద్ద భవనం. సీరియల్‌లో పోలీస్ స్టేషన్ అదే. 1914లో రేవు కోసం కట్టిన సిటీ రిక్రియేషన్ పియర్. షూటింగ్ అయ్యాక చాలాకాలం ఖాళీగా పడి ఉండి, 2017లో ఖరీదైన హోటలయింది. ఎదురుగానే డిటెక్టివ్‌లు ముగ్గురు కలిసి కొనుక్కునే బార్. మా మామయ్య ఆ హోటల్ ముందు నిలబడి ‘ఇందులో ఎంతమందిని విచారించారో పాపం’ అన్నారు. షూటింగే మామయ్యా అంటే నమ్మడే! ఆయన్ని అనడానికీ లేదు. అప్పట్లో దుకాణంలో దొంగతనం చేసి పారిపోతున్న ఒకడు దారితప్పి షూటింగ్ మధ్యలో వచ్చిపడి, ఆ నటుల్ని నిజం పోలీసులనుకుని లొంగిపోయాడట. పళ్ల గుర్రపు బండ్లు కూడా కల్పన కాదు. అరాబర్లు అంటారు వాళ్లని. ఇప్పటికీ కొద్దిమంది మిగిలారు, గంటలు మోగించుకుంటూ వస్తారు. మొదటిసారి ఆ చప్పుడు వినగానే నాకు మా ఊరి సోడా బండి గుర్తొచ్చింది, వెంటనే ఎడీనా గుర్తొచ్చింది.

కడప_కారం
ఇంత పొగిడారు కాబట్టి ఒక మాట నన్ను అననివ్వండి. ఏడో సీజన్ పడిపోయింది. పెంబుల్టన్ వెళ్లిపోయాడు, ఆడ డిటెక్టివ్ కే హొవార్డ్ అంతకుముందే లేదు. అందమైన కొత్త మొహాలు, ఆఫీసులో ప్రేమలు. బోర్డు ఉంది గానీ దాని వంక చూసేవాళ్లు లేరు. ఇది మాత్రం ఎవరూ కాదనలేరు.

పాత_డీవీడీ
సగం ఒప్పుకుంటా. ఎన్‌బీసీ ఎప్పుడూ మెడ మీద కత్తి పెట్టే నడిపింది. రెండో సీజన్‌కి నాలుగంటే నాలుగే ఎపిసోడ్లు ఇచ్చారు. తర్వాత శుక్రవారం రాత్రి పది గంటలకి పడేశారు, ఊళ్లో కుర్రాళ్లంతా బయట తిరిగే టైమ్. పోటీకి అవతల చానల్‌లో ‘నాష్ బ్రిడ్జెస్’ సీరియల్. ఆ పరిస్థితిలో 1999 మే దాకా బతికించడమే గొప్ప. బేలిస్ చివరి కథ మాత్రం పడిపోయిందంటే ఒప్పుకోను. ఎడీనాతో మొదలైనవాడు ఎక్కడికి చేరాడో చూస్తే గుండె జారుతుంది. సుజాత గారు చూడాలి కాబట్టి ఇక్కడ ఆపేస్తా.

కోర్టు_మెట్లు
కే హొవార్డ్ గురించి ఒక్క మాట. చుట్టూ మగవాళ్లు, వాళ్లలో ఒక్కతే. ఆమె పేరు కింద అన్నీ నల్ల సిరాయే. సగం సీరియళ్లలో ఆడ పోలీసు అంటే అందం కోసమో, చివర్లో కాపాడించుకోవడం కోసమో. మెలిస్సా లియో అసలు మేకప్ వేసుకున్నట్టే ఉండదు, జుట్టు దువ్వినట్టే ఉండదు, పనిలో మునిగి ఉంటుంది. సార్జెంట్ పరీక్ష రాసి పాసవుతుంది, నిన్నటిదాకా పక్కన కూర్చున్నవాళ్ల మీదే అధికారం చెయ్యాల్సి వస్తుంది. ఆ ఇబ్బంది మా కోర్టు హాళ్లలో రోజూ చూస్తాను.

బ్రూక్లిన్_బుజ్జి
నాలుగు ఎపిసోడ్లు అయిపోయాయి. మంచ్ అంటే నాకు ఇష్టమైపోయింది. ప్రతిదాని వెనకా కుట్ర ఉందంటాడు, మా పెదనాన్న టైపు.

వాసు_మేరీలాండ్
మంచ్ మంచోడు బుజ్జీ. ఈ సీరియల్ ఆగిపోయాక 1999లోనే ‘లా అండ్ ఆర్డర్: ఎస్‌వీయూ’కి బదిలీ అయిపోయాడు, అదే పేరుతో, అదే పాత్రగా. ‘ఎక్స్ ఫైల్స్’లో కనబడ్డాడు, ‘ద వైర్’ సీరియల్‌లో ఒక బార్‌లో కూర్చుని కనబడతాడు. సైమన్ కూడా 1995లో పత్రిక వదిలేసి ఈ సీరియల్ రచయితల్లో చేరాడు. ఇక్కడ నేర్చుకున్న పనితోనే 2002లో ‘ద వైర్’ మొదలుపెట్టాడు. ఇందులో మెల్డ్రిక్ లూయిస్‌గా వేసిన క్లార్క్ జాన్సన్ దానికి మొదటి ఎపిసోడూ చివరి ఎపిసోడూ తీశాడు.

రీలు_కత్తెర
పీకాక్‌లో చూసేవాళ్లకి ఒక సంగతి. 2024 ఆగస్టులో గానీ ఇది స్ట్రీమింగ్‌కి రాలేదు, అన్నేళ్ల ఆలస్యానికి కారణం పాటల హక్కులు. అప్పట్లో ఎపిసోడ్‌లో మాటలు ఆపేసి పాట మీద నడిపేవాళ్లు. హక్కులు దొరకని చోట్ల కొన్ని పాటలు మార్చారు. పాత డీవీడీ ఉన్నవాళ్లు అదృష్టవంతులు.

పాత_డీవీడీ
నా దగ్గరున్నది ఫైలింగ్ క్యాబినెట్ ఆకారంలో వచ్చిన పెద్ద పెట్టె. మా ఆవిడ దాన్ని పూజ గది పక్కన పెట్టనిచ్చింది, అంతకన్నా గౌరవం ఏం కావాలి.

స్టేషన్_రైటర్
మూడో సీజన్‌లో క్రొసెట్టి అనే ఆయన సంగతి ఎవరూ రాయలేదు. లింకన్ హత్య గురించి ఎప్పుడూ చెప్పుకునే మనిషి. నీళ్లలో శవమై తేలతాడు. తనే ప్రాణం తీసుకున్నాడని అందరికీ అర్థమవుతుంది, జోడీగా పనిచేసిన లూయిస్ మాత్రం ఒప్పుకోడు, హత్య అని రాయించాలని అందరితో గొడవ పెట్టుకుంటాడు. ఆత్మహత్య కాబట్టి పోలీసు లాంఛనాలు కుదరవని పైవాళ్లు అంటారు. అంత్యక్రియల ఊరేగింపు స్టేషన్ ముందు నుంచి వెళ్తుంది. అప్పుడు పెంబుల్టన్ ఒక్కడే, పూర్తి యూనిఫాంలో, తెల్ల గ్లోవ్స్ వేసుకుని, మెట్ల ముందు సెల్యూట్ చేస్తూ నిలబడి ఉంటాడు. అప్పటిదాకా తనకి ఎవరితోనూ పొసగదన్న మనిషి.

అది చూసి నేను లేచి నిలబడ్డాను. మా అబ్బాయి చూసి తనూ లేచాడు. మా శాఖలోనూ అట్లా పోయినవాళ్లున్నారు. మా బ్యాచ్‌వాడే ఒకడు. ‘పనివేళల వల్ల’ అని ఏ కాగితంలోనూ రాయలేదు. పదకొండో రోజుకి మేం ఆరుగురం సొంత డబ్బులు వేసుకుని వెళ్లాం, యూనిఫాంలో వెళ్లాలని ఎవరికీ తోచలేదు. తోచి ఉంటే బాగుండేది.

రాత్రి_డ్యూటీ
బాబాయ్ గారూ, మీరు వెళ్లారు కదా. ఆ ఇంట్లోవాళ్లకి అది గుర్తుంటుంది.

ఎడిసన్_సుజాత
అడగొచ్చో లేదో తెలియదు. మీరు రిటైరయ్యాక ఆ సంచి మీద చీటీ ఎవరు రాస్తున్నారు?

స్టేషన్_రైటర్
అడగొచ్చమ్మా. ఛార్జి అప్పగించే రోజు ప్రాపర్టీ గదిలో ఒక్కోటి లెక్క చూపిస్తూ వచ్చాను. ఆ సంచి దగ్గర ఆగి, కొత్త రైటర్ చేత నాలుగో చీటీ రాయించాను. ఇరవై ఆరేళ్ల కుర్రాడు. పేరు దగ్గర పెన్ను ఆపి ‘ఏం రాయమంటారు సార్?’ అన్నాడు. తెలియదని రాయి, తెలిస్తే కొట్టేసి రాద్దువుగాని, అన్నాను. కొట్టేసి రాసేంత చోటు వదిలి రాశాడు.

కడప_కారం
ఈ సంవత్సరం చదివినవాటిలో ఇది నాకు గుర్తుండిపోతుంది పెద్దాయనా.

బ్రూక్లిన్_బుజ్జి
ఐదో ఎపిసోడ్ ఇప్పుడే అయ్యింది. మీరంతా ముందే చెప్పినా లాభం లేకపోయింది, నేనూ నిద్రపోలేను.

పాత_డీవీడీ
సుజాత గారూ, తర్వాత రెండో సీజన్‌లో ‘బాప్ గన్’ ఉంది. రాబిన్ విలియమ్స్. భార్యాపిల్లలతో ఊరు చూడ్డానికి వచ్చినవాడు, కళ్లముందే భార్యను కాల్చేస్తారు. స్టేషన్‌లో కూర్చుని ఉండగా, ఈ కేసు వల్ల ఓవర్‌టైమ్ ఎంతొస్తుందో అని డిటెక్టివ్‌లు నవ్వుకోవడం అతని చెవిన పడుతుంది. రాసింది సైమన్, అతని స్నేహితుడు డేవిడ్ మిల్స్. హంతకుడెవరో ఇందులో తెలుస్తుంది. తెలిసినా తేలికగా ఉండదు.

ఎడిసన్_సుజాత
పిల్లలు పడుకున్నారు. సౌండ్ తగ్గించి అదే పెట్టాను.